మొగిలికి జ్వరం కావాలట

గోదావరిఖనిలో నిద్ర పట్టని మనుషులకు కొదవ లేదు గానీ, పంపు ఆపరేటర్ మొగిలి లాంటివాడు మాత్రం ఒక్కడే. బొగ్గుబాయి అడుగున ఊరే నీటిని పైకి తోడే పంపు పక్కన అతని డ్యూటీ. పంపు నడుస్తున్నంతసేపూ చేసే పనేమీ ఉండదు. వినాలి, అంతే. మోత కాస్త మారిందంటే నీళ్లు లాగడం లేదన్నమాట. ఉరికి చూసుకోవాలి. లేదంటే కింద పనిచేసేవాళ్ల మోకాళ్ల దాకా నీళ్లు వస్తాయి. ఇరవై రెండేళ్లు అలా విని విని మొగిలి చెవులు ఎట్లా తయారయ్యాయంటే, కన్ను మూసినా అవి మూసుకునేవి కావు. పైగా వారం మొదటి షిఫ్టు, వారం రెండో షిఫ్టు, వారం రాత్రి షిఫ్టు. ఏ పూట పడుకోవాలో ఒంటికే తెలియకుండా పోయింది.

రాత్రి డ్యూటీ దిగి వచ్చిన రోజున, పొద్దున ఎనిమిదింటికి కళ్ల మీద తడి తువ్వాల వేసుకుని మంచం ఎక్కేవాడు. పది నిమిషాలు కాకముందే లోపలి నుంచి కేక.

"సారా! పాలు పొంగుతున్నయ్."

భార్య సారక్క ఉరికి పొయ్యి ఆపేది. ఇంకో పది నిమిషాలకు మళ్లీ కేక.

"యేసన్న అద్దాలు దేవులాడుతుండు. కిటికీల ఉన్నయని చెప్పు. పొద్దుగాల గక్కడ పెట్టిన సప్పుడైంది."

యేసయ్య పక్క క్వార్టర్‌లో ఉండే పెద్దాయన, బాయిలో చేసి చేసి దిగిపోయి పింఛను మీద ఉన్నవాడు. కిటికీలో చూస్తే అద్దాలు నిజంగానే అక్కడ ఉండేవి. ఆయన గోడవతల నుంచే "దేవుడు నిన్ను దీవించుగాక తమ్మీ" అనేవాడు. దేవుడు దీవించేదేదో నిద్రనే దీవిస్తే బాగుండునని మొగిలి అనుకునేవాడు. లేచి చాయ తాగేవాడు. మళ్లీ పడుకుని కోడికునుకు తీసేవాడు. మళ్లీ లేచేవాడు. సాయంత్రానికి మంచం ఆరుసార్లు ఎక్కి ఏడుసార్లు దిగేవాడు.

"నువ్వు పండుకుంటున్నవా, మంచానికి కాపలా ఉంటున్నవా?" అని సారక్క కసురుకునేది.

రెండువేల ఆరు వానాకాలంలో కాలనీకి చికున్‌గున్యా వచ్చింది. జనం దాన్ని చికెన్‌గున్యా అన్నారు. అని ఊరుకోలేదు, కోడికూర తినడం మానేశారు. మొగిలీ మానేశాడు. అయినా జ్వరం వచ్చింది. కూర మానిన సంగతి కోళ్లకు తెలిసింది గానీ దోమలకు ఎవరూ చెప్పలేదు.

మొదటి రోజు ఒళ్లు పెనంలా కాలింది. వేళ్ల కణుపుల నుంచి మోకాళ్ల దాకా ఒక్కో కీలునూ సుత్తెతో కొట్టినట్టు నొప్పి. పొర్లాడు, పలవరించాడు. రెండో రోజు పొద్దున మాత్రేసుకుని, ఇంత గంజి తాగి, గోడవైపు తిరిగాడు. అంతే, నిద్రపోయాడు.

అట్లాంటి ఇట్లాంటి నిద్ర కాదు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ చేస్తే కిటికీలు వణికాయి, గూట్లో గిన్నెలు గలగలమన్నాయి, ఇత్తడి చెంబొకటి కిందపడి దొర్లుకుంటూ వచ్చి మంచం కోడుకు కొట్టుకుంది. మొగిలి కదల్లేదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. మొగిలి పలకలేదు. ఆ పలకకపోవడంతోనే సారక్క గుండె జారింది. స్టీలు పళ్లెం తెచ్చి మొగుడి ముక్కు దగ్గర పెట్టి, ఆవిరి పడుతుందో లేదో చూసింది. పడింది. అయినా నమ్మకం కుదరక యేసయ్యను పిలిచింది. ఆయన బైబిలు పట్టుకుని, భార్య యేసమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లను చూసి ఇంకో పదిమంది వచ్చారు.

మూడో రోజు పగలు మొగిలి కళ్లు తెరిచేసరికి మంచం చుట్టూ జనం తలలు వంచుకుని నిలబడి ఉన్నారు.

"ఎవలు పోయిన్రే?" అన్నాడు.

"ఎవలు పోలే. నువ్వే పోతవేమో అనుకున్నం" అంది సారక్క, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

మొగిలి గోడ గడియారం వైపు చూశాడు. వేళ్లు మడిచి గంటలు లెక్కపెట్టాడు. మడిచిన వేళ్లు నొప్పికి తిరిగి తెరుచుకోలేదు. అయినా మొహం వెలిగిపోయింది.

"సారా! నేను పండుకున్ననే!" అన్నాడు, కళ్లనీళ్లు పెట్టుకుని.

వారానికి జ్వరం తగ్గింది. తగ్గేటప్పుడు కీళ్లనొప్పులను ఇక్కడే వదిలేసి నిద్రను మాత్రం తన వెంట తీసుకుపోయింది. మొగిలి మళ్లీ తడి తువ్వాల కిందికి చేరాడు. ఇంతకుముందు నిద్ర లేకపోతే లేదనుకునేవాడు. ఇప్పుడు దాని రుచి తెలిసింది. రుచి తెలిసినవాడికే ఆకలి ఎక్కువ.

కుంటుకుంటూ దవాఖానకు పోయాడు. అక్కడ కొత్తగా వచ్చిన డాక్టర్ యమున రోజూ మంచిర్యాల నుంచి గోదావరి దాటి వస్తుంది. ఓపికగల మనిషి.

"ఏమైంది మొగిలన్నా?"

"జ్వరం పోయింది మేడం."

"మంచిదే కద."

"ఏం మంచిది మేడం! మళ్ల రావాలె. ఏదన్న గోలి రాయుండ్రి."

"తగ్గడానికా?"

"వచ్చేతందుకు."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. మొగిలి జరిగినదంతా చెప్పాడు. పాలు పొంగడం, చెంబు దొర్లడం, యేసయ్య ప్రార్థన, ఏదీ వదలలేదు. ఆమె నవ్వకుండా విన్నది. వెనకాల కాంపౌండర్ సదయ్య మాత్రం దూది బుట్టలో మొహం పెట్టుకుని నవ్వాడు.

"మీకు నిద్ర తెచ్చింది జ్వరం కాదన్నా" అంది యమున. "మన ఒంట్ల కాపలా కణాలుంటయి. రోగం క్రిమి లోపలికి వచ్చిందనుకోండ్రి, అవి కొన్ని పదార్థాలను విడుస్తయి. అవి కబురు మోసేటివి. లోపల కొట్లాట నడుస్తుంది, ఈ మనిషిని పండబెట్టు అని మెదడుకు చెప్తయి. మెదడు ఒళ్లు కాగబెడుతది, ఆకలి చంపుతది, నిద్ర తెస్తది. ఉన్న బలమంతా కొట్లాటకు కావాలె కద, అందుకు."

"గా కబురు తెచ్చేటాయన పేరేంది మేడం?"

"ఒక్కటి కాదు, చానా ఉన్నయి. నిద్ర సంగతిల అందరు ముందు చెప్పేది ఇంటర్‌ల్యూకిన్ వన్. కుందేళ్లకు, ఎలుకలకు అది ఇచ్చి చూసిన్రు. గాఢంగ పండుకున్నయి."

"కుందేళ్లకు గూడ షిఫ్టు డ్యూటీలా మేడం?"

ఈసారి ఆమెకూ నవ్వాగలేదు. నవ్వు తగ్గాక గట్టిగానే చెప్పింది. "జ్వరం కోసం తిరగకుండ్రి. ఆ పదార్థం మోతాదు మించితే ఉన్న నిద్ర గూడ ముక్కలు ముక్కలైతది. మొదటి రోజు మీరు పొర్లింది చూసిన్రు కద. చాయ తగ్గించుండ్రి. గడియకోసారి మంచమెక్కుడు బంద్ చేయుండ్రి."

చివరి రెండు మాటలూ మొగిలి చెవిలో పడ్డాయి గానీ లోపలికి పోలేదు. ఇరవై రెండేళ్లలో ఆ చెవులు జారవిడిచిన మొదటి మాటలు అవే.

ఇంటికొచ్చి సారక్కతో అన్నాడు: "నాకు నిద్ర తెచ్చింది లింగన్నేనట."

"ఏ లింగన్న?"

"ఇంటర్ లింగన్న. నెత్తురుల ఉంటడట. ఇంటర్ దాక చదివిండు గావొచ్చు. మెదడుకు కాయితం తీస్కపోయి ఇచ్చేది ఆయనే."

సారక్క అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చల్లగానే ఉంది. అదే ఆమెకు మరింత భయం పుట్టించింది.

మరునాటి నుంచి మొగిలి జ్వరం వేటలో పడ్డాడు. కాలనీలో ఏ ఇంట్లో మూలుగు వినిపించినా పరామర్శకు పోయేవాడు. ఎక్కడ మూలుగుతున్నారో కనుక్కోవడం ఆ చెవులకు కష్టమా? పోయి మంచం పక్కన స్టూలు వేసుకుని, చొక్కా చేతులు భుజాల దాకా మడిచి, గంటలు గంటలు కూర్చునేవాడు. బాయిలో బొగ్గు తొట్లు లాగే హాలేజీలో పనిచేసే ఎల్లన్న జ్వరపడితే పోయి, దోమతెర అంచు ఎత్తి రెండు చేతులూ లోపలికి చాపాడు. ఎల్లన్న తల్లి కనకవ్వ చాలాసేపు చూసి చూసి, కోడలితో అంది:

"గాయినకేం పుణ్యం కావాల్నో ఏమో బిడ్డా, దోమలకు అన్నదానం జేస్తుండు."

అయితే ఊళ్లో కథ వేరే తీరుగా నడిచింది. యూనియన్ లీడర్ సంపత్‌కు అనుమానం వచ్చింది. యూనియన్ ఎన్నికలు దగ్గరపడుతుంటే ఒక పంపు ఆపరేటర్ ఇల్లిల్లూ తిరిగి రోగులను పలకరిస్తున్నాడంటే అర్థమేమిటి? బాయి దిగేవాళ్లకు దీపాలిచ్చే లాంప్‌రూం ముందు మొగిలి భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు.

"మొగిలన్నా, ఏ పోస్టుకు నిలబడుతున్నవే?"

"నేను నిలబడ. పండుకోవాల్నని తిరుగుతున్న."

ఇది చాలా లోతైన రాజకీయపు మాటని సంపత్ అనుకున్నాడు. ఆ సాయంత్రమే మనుషులను పంపి మొగిలి ఎవరెవరి ఇళ్లకు పోయాడో ఆరా తీయించాడు. అటు యేసయ్య ఏమో, ప్రార్థన ఫలించి మొగిలి మనసు కరుణతో నిండిపోయిందని నమ్మి, ఆదివారం చర్చికి వచ్చి నాలుగు మాటలు సాక్ష్యం చెప్పమని అడిగాడు. మొగిలి కాదనలేక పోయాడు. ముందు నిలబడి, "నాకు జ్వరం వచ్చింది. మస్తు సంబురమైంది. మళ్ల రావాల్నని కోరుకుంటున్న" అని చెప్పి కూర్చున్నాడు. యేసమ్మ ఒక్కతే "ఆమెన్" అంది.

ఇంత చేసినా జ్వరం రాలేదు. డాక్టరమ్మను అడిగితే, ఒకసారి వచ్చిపోయిన క్రిమిని ఒంట్లోని కాపలా గుర్తుపెట్టుకుంటుందని, మళ్లీ వస్తే గడపలోనే పట్టుకుని కొడుతుందని చెప్పింది. సొంత సైన్యమే తన నిద్రకు అడ్డం పడిందని మొగిలికి కోపం వచ్చింది.

అప్పుడు సదయ్య నోరు జారాడు. ధనుర్వాతం సూది వేయించుకుంటే కొందరికి ఇంత ఒళ్లు వెచ్చబడి మబ్బుగా ఉంటుందని అన్నాడు. మూడో రోజు మొగిలి ఎడమకాలు ఎత్తి పట్టుకుని దవాఖానకు గెంతుతూ వచ్చాడు. మేకు గుచ్చుకుందన్నాడు. నిజంగానే గుచ్చుకున్న మచ్చ ఉంది. తానే గుచ్చుకున్నాడని ఎవరికి తెలుసు? సూది వేశారు. చెయ్యి వాచింది, ఒళ్లు గోరువెచ్చనైంది, మధ్యాహ్నం గంటన్నర నిద్ర పట్టింది. గంటన్నర! మొగిలి ఆనందానికి హద్దు లేదు.

మరుసటి వారం కుడికాలు ఎత్తి పట్టుకుని వచ్చాడు.

యమున రిజిస్టరు తిప్పింది. "మొగిలన్నా, మొన్న ఎడమకాలు, ఇయ్యాల కుడికాలు. ఇగ వచ్చేవారం ఏ కాలు?"

మొగిలి తన కాళ్ల వైపు చూసుకున్నాడు. మూడోది లేదు.

"మీకు మళ్ల సూది ఇస్తే నాకు సిగ్గు" అంది ఆమె. "ఇంకోసారి మేకు పట్టుకున్నరంటే సారక్కను పిలిపిస్త."

సారక్క పేరు వినగానే కుడికాలు నయమైపోయింది.

దసరా ముందర ఆ సారక్కకే జ్వరం వచ్చింది. కూతురు దీప హన్మకొండలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. మొగిలి మూడు రోజులు సెలవు పెట్టాడు. రెండో రోజు నుంచి సారక్క నోరు తెరుచుకుని ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. మొగిలి పక్కన నిలబడి చూశాడు. జాలి వేసింది. జాలి కంటే కాస్త ఎక్కువగా కుళ్లు పుట్టింది.

"వచ్చిండా లింగన్న? నీకాడికి వచ్చిండు, నా కాడికి రాడు" అని గొణిగాడు. మళ్లీ సిగ్గుపడి, తడిగుడ్డ మార్చి, నుదురు తుడిచాడు.

ఆ మూడు రోజులూ అతను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఇంట్లో ఉన్నది ఒకే మంచం, దాని మీద సారక్క. కాబట్టి ఎక్కడానికీ దిగడానికీ లేదు. నల్లా వచ్చినప్పుడు నీళ్లు పట్టాలి. అంట్లు తోమాలి. బట్టలు పిండితే కీళ్లు పిండినట్టయ్యేది. చాయ పెట్టుకుందామంటే చక్కెర అనుకుని ఉప్పు వేశాడు, ఇంకోసారి చాయపత్తా అనుకుని ఆవాలు వేశాడు. మూడోసారి పెట్టే ధైర్యం లేక చాయే మానేశాడు. పొద్దున్నే లేచినవాడు పొద్దుగూకేదాకా నడుం వాల్చలేదు. ఒక్క కునుకు తీయడానికి తీరిక దొరకలేదు. సారక్క ఇరవై ఏళ్లుగా ఇదంతా చేస్తూ తన కేకలకు కూడా పలికిందా అని మొదటిసారి ఆశ్చర్యపోయాడు.

మూడో రోజు మధ్యాహ్నం పొయ్యి మీద అన్నం పెట్టి, మంచం కోడుకు వీపు ఆనించి కింద కూర్చుని, చేటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరడం మొదలుపెట్టాడు. ఒక రాయి ఏరాడు. రెండో రాయి వేళ్ల మధ్య పట్టుకున్నాడు. దాన్ని పారేసిన గుర్తు లేదు.

ఆ తరువాత జరిగింది అతనికి యేసయ్య చెబితేనే తెలిసింది. ముందు కమురు వాసన వచ్చిందట. తరువాత కిటికీలోంచి పొగ. యేసయ్య గోడవతల నుంచి అరిచాడట: "మొగిలీ! అన్నం మాడుతుంది!" పలుకు లేదు. సూది కిందపడితే వినే మనిషి పలకకపోయేసరికి కాలనీ అంతా ఉరికి వచ్చింది. ఎల్లన్న భుజంతో తలుపు నెట్టి గడియ ఊడగొట్టాడు. సంపత్ లోపలికి దూరి పొయ్యి ఆపి, గిన్నె పట్టుకుని చెయ్యి కాల్చుకున్నాడు. చూస్తే మంచం మీద పెళ్లాం, మంచం కింద మొగుడు, ఇద్దరూ ఒకే తాళంలో గుర్రు పెడుతున్నారు. పప్పంతా ఒళ్లో ఒలికిపోయి ఉంది. వేళ్ల మధ్య రాయి అట్లాగే ఉంది.

"తమ్మీ!" అని యేసయ్య కుదపబోయాడు.

ఆ గోలకు సారక్క లేచింది. జ్వరం అప్పుడే కాస్త తగ్గుముఖం పట్టింది. పొగను చూసింది, నల్లబడ్డ గిన్నెను చూసింది, ఊడిన గడియను చూసింది, చివరికి మొగుణ్ని చూసింది.

"ఎవ్వలు లేపకుండ్రి" అంది మెల్లగా. "ఎవలన్న లేపిన్రంటే మంచిగుండదు."

అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి నడిచారు. సారక్క నొప్పుల మోకాళ్లతోనే దిగి అతని తల కింద దిండు పెట్టింది. సాయంత్రం యేసమ్మ గంజి పంపింది. మొగిలి లేవలేదు. తెల్లవారి మొదటి షిఫ్టు సైరన్ కూసింది. మొగిలి లేవలేదు. పదిన్నరకు లేచి, ఒళ్లంతా పప్పు దులుపుకుని, నుదురు పట్టి చూసుకున్నాడు. జ్వరం లేదు.

సెలవు మూడు రోజులే, ఇది నాలుగో రోజు. సిక్ సర్టిఫికెట్ కోసం దవాఖానకు పరుగెత్తాడు. యమున అతని నాడి చూసింది, నాలుక చూసింది, కథంతా విన్నది.

"నేను సర్టిఫికెట్ ఇయ్యలేనన్నా. మీకేం రోగం లేదు. ఆ పదార్థం జ్వరానికే పుట్టదు. మెలకువగ ఉన్న కొద్దీ మంచిగున్నోళ్ల మెదడుల గూడ ఇంత ఇంత తయారైతది. ఇన్నేండ్లు మీరు పావుగంటకో కునుకు తీసి, మీదికెల్లి చాయ పోసి దాన్ని కూడనియ్యలే. ఈ మూడు దినాలు కూడింది. దానొక్కదాంతోనే అని నేను చెప్ప. బరువుపని గూడ చేసిన్రు, మంచం ముట్టలే. అన్ని కలిసొచ్చినయి."

"అంటే లింగన్న నా దగ్గర్నే ఉన్నడా మేడం?"

"ఉన్నడు" అంది యమున. ఆ పేరును సరిదిద్దడం ఆమె ఎప్పుడో మానుకుంది.

సర్టిఫికెట్ లేక మొగిలి ఆఫీసుకు పోయి తెల్లకాగితం మీద అర్జీ రాశాడు. గుమాస్తా ఎడ్వర్డ్ దాన్ని చదివి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. "అయ్యా, నిద్ర వచ్చినందున ఈ దినము డ్యూటీకి రాలేకపోయితిని."

"మొగిలన్నా, గిట్ల రాస్తరా? జ్వరం అని రాయి, అయిపోతది."

"జ్వరం కోసం రెండు నెలలు తిరిగిన ఎడ్వర్డూ, రాలే. నిద్రే వచ్చింది. వచ్చినదాన్ని రాలేదని ఎట్ల రాయాలె?"

అర్జీ మేనేజర్ టేబుల్ మీదికి పోయింది. కాసేపటికి పిలుపొచ్చింది. మేనేజర్ తలుపు మూయమన్నాడు. కాగితాన్ని టేబుల్ మీద పరిచి చేత్తో సాపు చేశాడు. ఆయన కళ్ల కింద నల్లటి సంచులు వేలాడుతున్నాయి. టేబుల్ మీద మూడు ఖాళీ చాయ కప్పులు.

"ఎన్ని గంటలు?" అన్నాడు.

"ఏంది సార్?"

"నిద్ర."

"ఇరవై గంటలకు ఇంత ఎక్కువనే సార్."

మేనేజర్ ముఖంలో కోపం లేదు. ఆకలిగా ఉన్నవాడు పెళ్లిభోజనం సంగతి వింటున్నట్టు ముందుకు వంగాడు. "ఏం చేశావు? మొదటినుంచి చెప్పు. ఏదీ వదలకు."

మొగిలి అంట్ల దగ్గర మొదలుపెట్టాడు. మేనేజర్ రాసుకున్నాడు. కందిపప్పు దగ్గరికి వచ్చేసరికి "ఎన్ని కిలోలు?" అని కూడా అడిగాడు. సెలవు మంజూరైంది.

ఆ తరువాత మొగిలికి రోజూ నిద్ర వచ్చిందని చెప్పలేం. షిఫ్టులు మారుతూనే ఉన్నాయి, పంపు మోగుతూనే ఉంది. అయితే డ్యూటీ దిగాక చాయ ముట్టడు, నిద్ర కమ్ముకొస్తే తప్ప మంచం ఎక్కడు. ఎక్కితే ఏకధాటిగా నాలుగు గంటలు, మంచిరోజైతే ఐదు. రాని రోజున గుమ్మం ముందు కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తాడు. అట్లాంటి వారాల్లో సారక్క రెండుపూటలా చిక్కుడుకాయ కూరే వండుతుంది, మొగిలి కిక్కురుమనకుండా తింటాడు.